రెస్క్యూ నైఫ్ ఒకటే, దాని పనులు రెండు: రోజూ తాడు కోసే మడత కత్తి ఆపదలో ఎంతవరకు ఆదుకుంటుంది?

టెక్కలిలో మాది తాళ్ళు, టార్పాలిన్లు, వల దారాలు అమ్మే షాపు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. లారీల వాళ్ళు, భావనపాడు వైపు నుంచి వేటకెళ్ళేవాళ్ళు, ఉద్దానంలో కొబ్బరి తోటలున్న రైతులు, పందిళ్ళు వేసే కుర్రాళ్ళు ఎక్కువగా వస్తుంటారు. కత్తులు మేం అమ్మం గానీ, తాడు కొలిచి కోసి ఇవ్వడానికి పొద్దస్తమానం కత్తి చేతిలోనే ఉంటుంది కాబట్టి వాటి గురించి కూడా నన్నే అడుగుతారు.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయింది. కొందరు అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డారని వార్తల్లో చూసిన దగ్గర్నుంచి ఆ అడగడం బాగా ఎక్కువైంది. ఫోన్ తీసి ఫోటో చూపిస్తారు. నారింజ రంగు పిడి, ఒక చివర బెల్టు కోసే కొక్కెం, ఇంకో మూల అద్దం పగలగొట్టే ములుకు, మధ్యలో మడిచిన అలుగు. "గురూ, ఇది కొంటే రోజూ పనికీ వస్తాది, ఏదైనా అయితే ప్రాణం కూడా కాపాడతాది, అంతే కదేటి?" అని. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకీ దొరుకుతుంది, పది వేలు దాటినదీ ఉంది, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. అంతే అవునో కాదో ఒక్క మాటలో చెప్పలేక ఇదంతా రాస్తున్నాను.

మామూలు చాకుకి ఏం తోడైతే రెస్క్యూ నైఫ్ అవుతుంది

జేబులో పెట్టుకునే మడత కత్తిలో ఉండేవి మూడే. కోసే అలుగు, అది ముడుచుకుని దాక్కునే పిడి, రెండింటినీ కలిపే ఇరుసు. తెరిచిన అలుగు మళ్ళీ దానంతటది మూసుకోకుండా లోపల ఒక లాకు ఉంటుంది, కొన్నింటికి ఉండదు.

రెస్క్యూ నైఫ్ అని పేరు పెట్టి అమ్మేవాటికి వీటి మీద ఇంకొన్ని చేరతాయి. సీటు బెల్టు కోయడానికి లోపలివైపు మాత్రమే పదునున్న కొక్కెం, అద్దం కొట్టడానికి పిడి అడుగున గట్టి ములుకు, అలుగుకి పాక్షికంగానో పూర్తిగానో పళ్ళు, మొద్దుగా ఉన్న మొన, ఒంటి చేత్తో తెరిచే వీలు, చీకట్లో కనిపించే రంగు. ఉదాహరణకి స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే రెస్క్యూ టూల్‌లో అలుగు వేరు, బెల్టు కోసే కొక్కెం వేరు, అద్దం పగలగొట్టే ములుకు వేరు, లారీ ముందు అద్దం లాంటిది కోయడానికి రంపం వేరు. పిడి చీకట్లో మెరిసే పసుపు రంగు. అన్నీ ఒకే పిడిలో ఉన్నా దేని పని దానిదే.

ఈ "వేరు వేరు" అన్న మాట దగ్గరే అసలు సంగతి ఉంది.

రోజూ వాడే పదునే ఆపదలోనూ కావాలి, చిక్కు అక్కడే

పొద్దున్న నాలుగు అట్టపెట్టెలు విప్పుతాం, మధ్యాహ్నం టార్పాలిన్ అంచు కోస్తాం, సాయంత్రం ఇసుక పట్టిన తాడు. అట్టపెట్టె చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ దాంట్లో ఉండే సన్నటి దుమ్ము పదునుని తినేస్తుంది. ఇసుక తాడైతే ఇక చెప్పక్కర్లేదు. వారం తిరిగేసరికి అలుగు మొద్దుబారుతుంది. అయినా మనకి తెలీదు, కాస్త గట్టిగా లాగి కోస్తాం, పని అయిపోతుంది.

ఆపద వేళ ఆ కాస్త గట్టిగా లాగే వీలు ఉండదు. కారు తిరగబడి మనిషి బెల్టుకి వేలాడుతున్నప్పుడు, లేదా చేతికి తాడు చుట్టుకుని వల నీళ్ళలోకి జారిపోతున్నప్పుడు కత్తి మొదటిసారికే తెగ్గొట్టాలి. రోజూ వాడుకున్న కత్తి సరిగ్గా ఆ రోజుకి మొద్దుబారి ఉండే అవకాశమే ఎక్కువ.

దీన్ని చేతిలో చూసుకోవాలని పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి ఒక కారు సీటు బెల్టు తెచ్చాను. అది దాదాపు రెండంగుళాల వెడల్పున్న పాలిస్టర్ పట్టీ. షాపు గుమ్మం స్తంభానికి ఒక చివర కట్టి, రెండో చివర మా కుర్రాడిని గట్టిగా లాగి పట్టుకోమన్నాను. కొత్తగా సాన పట్టిన నున్నటి అలుగు పెడితే ఒక్క లాగుకి తెగింది. అదే బెల్టుని వదులుగా వేలాడదీసి కోస్తే పట్టీ ముడుచుకుని అలుగు కింద మెలికలు తిరిగింది, మూడు లాగుళ్ళు పట్టింది. వారం రోజులు వాడిన కత్తితో వదులు బెల్టుని కోస్తే ఐదో లాగుకి కూడా పూర్తిగా తెగలేదు, అంచున దారాలు రేగి వేలాడాయి. కొక్కెంతో బెల్టు అంచున తగిలించి ఏటవాలుగా లాగితే బిగువైనా వదులైనా ఒకటే, జర్రున తెగిపోయింది. కొక్కెం నోట్లో ఇరుక్కున్న పట్టీకి మెలిక పడే చోటుండదు, పైగా ఆ పదునుతో అట్టపెట్టెలు ఎవరూ కోయరు, అందుకని అది కొత్తగానే ఉంటుంది.

కొక్కెం వద్దనేవాళ్ళ వాదన కూడా తీసిపారేసేది కాదు. కొక్కెం నోట్లో పట్టేదే అది కోస్తుంది, పడవ మోకు లాంటి లావు తాడు దాంట్లో దూరదు. పైగా మొద్దుబారితే ఇంట్లో సానరాయి మీద పదును పెట్టడం కష్టం. కొన్ని చవక కత్తుల్లో ఆ కొక్కెం లోపల పెట్టింది అచ్చం బ్లేడు ముక్కే, తుప్పు పట్టినా బయటికి కనిపించదు.

నున్నటి పదునా, పళ్ళున్న పదునా

మన వాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. వరి కోసే కొడవలికి కక్కు ఉంటుంది, కత్తిపీటకి ఉండదు. గడ్డి జారిపోకుండా పట్టుకుని కోయాలంటే పళ్ళు కావాలి, వంకాయ నున్నగా తరగాలంటే అక్కర్లేదు.

తాళ్ళలో కూడా అంతే. పదహారు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మోకు ఒకటి, పడవ నుంచి విప్పుకొచ్చింది, నీళ్ళు కారుతూ, పేటల మధ్య ఇసుకతో ఉన్నది బల్ల మీద పెట్టి చూశాను. నున్నటి అలుగు పైపైన జారింది, తాడు వేళ్ళ కింద దొర్లింది, మొదటి పేట తెగడానికే రెండుసార్లు రాయాల్సి వచ్చింది. పళ్ళ అలుగు ఆనించగానే పట్టుకుంది. ఒక్కో పన్ను ఒక్కో పేట మీద టక్ టక్‌మని దిగడం చేతికి తెలుస్తుంది, రెండు లాగుళ్ళకి తాడు రెండు ముక్కలు. ఇంకో లాభం, పళ్ళ మొనలు అరిగినా వాటి మధ్య ఉన్న పల్లాల్లో పదును మిగిలి ఉంటుంది, అందుకని పళ్ళ కత్తి మొద్దుబారాక కూడా చాన్నాళ్ళు తాడు కోస్తూనే ఉంటుంది.

మరి అందరూ పళ్ళదే ఎందుకు కొనరు అంటే, టార్పాలిన్ దానితో కోస్తే అంచు పీచుపీచుగా లేస్తుంది, ఆ పీచు దగ్గర్నుంచే తర్వాత చినుగుతుంది. చెక్క చెక్కలేం. సాన పట్టాలంటే ఒక్కో పల్లానికి సన్నటి గుండ్రటి ఆకురాయి పెట్టి రుద్దాలి, దానికి ఓపిక కావాలి. సగం పళ్ళు, సగం నున్న ఉన్న అలుగు మధ్యే మార్గంలా కనిపిస్తుంది. మూడంగుళాల అలుగులో ఒకటిన్నర అంగుళం దీనికి, ఒకటిన్నర దానికి అంటే ఏదీ చాలదని కొందరంటారు, రెండూ ఉన్నాయి కదా అని ఇంకొందరంటారు. నా మటుకు నాకు షాపు పనికి సగం-సగం అలుగు బాగానే సాగింది. పళ్ళు పిడి దగ్గర ఉంటాయి, బలం పెట్టేది కూడా అక్కడే.

మొన మొద్దుగా ఎందుకు చేస్తారు

"దీనికి మొన లేదేటి, మొద్దుకత్తా?" అని ఒక పెద్దాయన ఫోటో చూసి అడిగారు. అది పొరపాటు కాదు, కావాలని చేసిందే. బెల్టు మనిషి ఒంటిని ఆనుకుని ఉంటుంది, తడిసిన చొక్కా చర్మానికి అంటుకుని ఉంటుంది, దాని కింద నుంచి అలుగు దూర్చి కోసేటప్పుడు మొన ఉంటే గుచ్చుకుంటుంది. ఊగే పడవలో కూడా అంతే, అందుకే ఓడల మీద పనిచేసేవాళ్ళ కత్తులకి మొద్దు మొన పెట్టడం పాత అలవాటు.

కానీ గోనె సంచి కుట్టు విప్పాలన్నా, టార్పాలిన్ మధ్యలో కన్నం పెట్టాలన్నా మొన కావాలి. మొద్దు మొన కొన్నవాళ్ళు ఆ పనికి మేకో దబ్బనమో వెతుక్కోవాలి. రెండింటిలో ఏ పని ఎక్కువ అన్నదాన్ని బట్టే ఇది తేలుతుంది.

అద్దం: అన్ని అద్దాలూ పగలవు

అందరూ ఎక్కువ నమ్మకం పెట్టుకునేది ఇక్కడే, ఎక్కువ గందరగోళం కూడా ఇక్కడే.

వాహనాల్లో రెండు రకాల అద్దాలుంటాయి. మొదటిది టఫెన్డ్ అద్దం, టెంపర్డ్ అని కూడా అంటారు. దీన్ని బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. పై పొర ముందు గట్టిపడి బిగుసుకుంటుంది, లోపలి భాగం తర్వాత చల్లారుతూ కుంచించుకోవాలని చూస్తుంది. దాంతో పైన నొక్కుడు, లోపల లాగుడు ఎప్పటికీ అలా నిలిచిపోతాయి. అరచేత్తో ఎంత బాదినా ఆ పై పొర ఓర్చుకుంటుంది. కానీ చిన్న గట్టి మొనతో ఒక్క బిందువు దగ్గర ఆ పొరని చీల్చగలిగితే లోపల దాచుకున్న లాగుడంతా ఒకేసారి విడిపోయి అద్దం మొత్తం శనగ గింజలంత ముక్కలై రాలిపోతుంది. కత్తి పిడికి ఉండే ములుకు పని అదే. మంచి వాటిలో అది టంగ్‌స్టన్ కార్బైడ్, అంటే అద్దం కంటే గట్టిది. చవక వాటిలో మామూలు ఇనుప మొన ఉంటే కొట్టగానే అదే నలిగి మొద్దుబారుతుంది.

రెండోది లామినేటెడ్ అద్దం. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. ముందు అద్దం ఇదే. ములుకుతో కొడితే సాలెగూడులా పగుళ్ళొస్తాయి తప్ప కన్నం పడదు, ఎందుకంటే ముక్కలన్నింటినీ ఆ ప్లాస్టిక్ పట్టుకుని ఉంటుంది. దీన్ని రంపంతో కోయాల్సిందే. ఈ మధ్య కొన్ని కార్లకి చప్పుడు లోపలికి రాకుండా పక్క కిటికీలకి కూడా లామినేటెడ్ పెడుతున్నారు. అమెరికాలో ట్రిపుల్-ఏ అనే మోటారు వాహనదారుల సంస్థ 2019లో ఇలాంటి ఆరు సాధనాలు తీసుకుని పరీక్షించింది. నాలుగు టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టాయి. లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ ఛేదించలేకపోయింది.

కాబట్టి "ఇది అద్దం పగలగొడుతుందా" అని కత్తిని చూసి అడిగితే జవాబు దొరకదు, అది బండి అద్దాన్ని బట్టి ఉంటుంది. కిటికీ అద్దం మూలన చిన్న అక్షరాల ముద్రలో టఫెన్డో, టెంపర్డో, లామినేటెడో తెలుస్తుంది. ఒకసారి దిగి చూసుకుంటే పోయేదేం లేదు, నేను మా బావ కారుకి చూసేదాకా మాకూ తెలీదు.

కొట్టే చోటు కూడా ముఖ్యం. అద్దం మధ్యలో కొట్టిన దెబ్బకి అది కొంచెం వంగి దెబ్బని మింగేస్తుంది, మూల దగ్గర వంగే వీలుండదు కాబట్టి అక్కడ పగులుతుంది. నీళ్ళలో మునిగితే మాత్రం చెయ్యి విసిరి కొట్టడం కుదరదు, నీళ్ళు చేతిని ఆపేస్తాయి. అద్దానికి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు విడిపోయి కొట్టే చిన్న పంచ్‌లు అప్పుడు మెరుగు, ఆ పరీక్షలో కూడా స్ప్రింగు రకాలే సుత్తుల కంటే బాగా పనిచేశాయి. ఇక బస్సుల సంగతి వేరే. అద్దం పెద్దది, మందం ఎక్కువ, కొన్ని ఏసీ బస్సుల కిటికీలకి రెండు పొరలుంటాయి. అక్కడ మడత కత్తి అడుగున ఉన్న చిన్న ములుకు కంటే కిటికీ పక్కన తగిలించే ఎర్ర సుత్తే సరైన సాధనం, అది అక్కడ ఉందో లేదో చూసుకోవడం కత్తి కొనడం కంటే ముందు పని.

లాకు: తెరిచిన కత్తి వేలి మీద మూసుకోకుండా

మడత కత్తిలో ఎవరూ పట్టించుకోనిది ఇదే, నాకు బాగా తెలిసొచ్చింది కూడా ఇదే. నాలుగేళ్ళ కిందట లాకు లేని చాకుతో గట్టి ప్లాస్టిక్ పట్టీ కోస్తున్నాను. పట్టీలో అలుగు ఇరుక్కుంది, వెనక్కి లాగుదామని కొంచెం పైకి లేపాను, అది టక్కున మూసుకుంది. చూపుడు వేలి మధ్య కణుపు మీద పడింది. మూడు కుట్లు. ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా మడవదు.

లాకు లేని కత్తిలో వెనక ఉన్న స్ప్రింగు బలమే అలుగుని నిలబెడుతుంది, వెనక నుంచి ఒత్తిడి పడితే మూసుకుంటుంది. పండ్లు కోసుకోవడానికి చాలు. లైనర్ లాకు అంటే పిడి లోపల ఒక పల్చటి రేకు పక్కకి వచ్చి అలుగు మడమకి అడ్డుపడుతుంది. తెరవడం మూయడం ఒంటి చేత్తో అవుతుంది, కానీ మూసేటప్పుడు బొటనవేలు అలుగు దారిలో ఉంటుంది, రేకు అరిగితే జారుతుంది. బ్యాక్ లాకు అంటే పిడి వెన్ను మీద ఉన్న పట్టీ అలుగు గాడిలో పడి కూర్చుంటుంది. గట్టిదే, కానీ ఆ గాడిలో ఇసుక, మట్టి చేరితే సగమే కూర్చుంటుంది, పైకి మాత్రం పడినట్టే కనిపిస్తుంది. పడవ వాళ్ళకి ఇది తెలిసి ఉండాలి. ఫ్రాన్స్ ఒపినెల్ కత్తుల్లో 1955 నుంచీ ఉన్న పద్ధతి ఇంకా తేలిక, మెడ దగ్గరున్న ఉంగరం తిప్పితే అలుగు కదలదు. కానీ తెరవడానికి రెండు చేతులు కావాలి, ఒక చెయ్యి ఇరుక్కుపోయినవాడికి అది ఉపయోగపడదు.

అందుకే మడత కత్తే వద్దు, ఒరలో పెట్టుకునే మడవని కత్తి మేలు అనేవాళ్ళున్నారు. ఇరుసు లేదు, లాకు లేదు, విఫలమవడానికి ఏమీ లేదు. నిజమే, పడవలో నేనూ అదే అంటాను. కానీ ఊళ్ళో నడుముకి కత్తి కట్టుకుని తిరిగితే చూసేవాళ్ళ చూపు వేరుగా ఉంటుంది. పొలానికెళ్ళే మనిషి భుజాన కొడవలి ఉంటే ఎవరూ తలెత్తి చూడరు, బస్‌స్టాండ్‌లో జేబులోంచి చాకు తీస్తే మాత్రం పదిమంది చూస్తారు.

ఉక్కు పేర్లు, మన ఉప్పుగాలి

స్టెయిన్‌లెస్ అని రాసుంటే తుప్పు పట్టదని అనుకుంటాం. తక్కువ పడుతుందని మాత్రమే దానర్థం. ఉక్కులో కార్బన్ పెరిగితే పదును నిలుస్తుంది, క్రోమియం పెరిగితే తుప్పు ఆగుతుంది, అయితే ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. డీ2 అనే ఉక్కులో క్రోమియం సుమారు 12 శాతం, కార్బన్ ఒకటిన్నర శాతం ఉంటాయి. ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోవడంతో తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. పదును చాలాకాలం నిలుస్తుంది, కళింగపట్నం గాలికి రెండు వారాల్లో చుక్కలొస్తాయి. చవక కత్తుల్లో ఎక్కువగా కనిపించే చైనా ఉక్కు 8సీఆర్13ఎంఓవీ పేరులోనే దాని లెక్క ఉంది, కార్బన్ 0.8 శాతం దరిదాపు, క్రోమియం 13 శాతం. పదును మధ్యస్థం, సాన తేలిక. మరో కొసన జపాన్ హెచ్1 ఉంది. కార్బన్ బాగా తగ్గించి నత్రజని కలిపిన ఉక్కు, ఉప్పునీళ్ళలో ఉన్నా దాదాపు తుప్పు పట్టదు, అమెరికా కంపెనీ స్పైడెర్కో దీనితో సాల్ట్ అనే పేరు మీద కత్తులు చేసింది. ధర మాత్రం మన పడవ పనివాళ్ళు పెట్టగలిగేది కాదు. వాళ్ళు మామూలు కత్తినే వేట నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఇరుసులో రెండు చుక్కల కొబ్బరినూనె వేస్తారు.

చట్టం ఏమంటుంది

"జేబులో కత్తి ఉంటే పోలీసులు పట్టుకుంటారా" అన్నది తరచూ వచ్చే ప్రశ్న. 1959 ఆయుధ చట్టం కింద ఉన్న నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకి చేసినవి దానికి మినహాయింపు. మూడంగుళాల మడత కత్తి ఆ కొలతకి చాలా లోపలే ఉంటుంది.

అంతటితో అయిపోలేదు. చట్టం ప్రాంతాన్ని బట్టి ప్రత్యేక నోటిఫికేషన్లకి వీలిస్తుంది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ బటన్‌తోనో స్ప్రింగుతోనో తెరుచుకునే కత్తుల్లో అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, అడ్డుకుంటుంది. మన జిల్లా నుంచి ఉత్తరాదికి లోడు తీసుకెళ్ళే డ్రైవర్లకి ఇది అక్కర్లేని విషయం కాదు, ఎందుకంటే రెస్క్యూ పేరుతో అమ్మే చాలా కత్తులు స్ప్రింగు సాయంతో తెరుచుకునేవే. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో పెట్టే నిషేధాజ్ఞలు, పాత 144 సెక్షన్, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 163, అవి ఉన్న రోజుల్లో చిన్న కత్తికి కూడా జవాబు చెప్పాల్సి రావచ్చు. విమానంలో చేతి సంచిలో ఎంత చిన్నదైనా కుదరదు.

ముగ్గురికి మూడు రకాలుగా

కాశీబుగ్గ నుంచి పందిళ్ళు వేసే కుర్రాడు ఒకడు వస్తాడు. రోజుకి ఇరవై ముప్పై తాళ్ళు కోస్తాడు, నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కోయాలి. అతనికి అద్దం ములుకు, కొక్కెం రెండూ బరువే. ఒంటి చేత్తో తెరుచుకునే లైనర్ లాకు, సగం పళ్ళ అలుగు, జారితే కింద ఉన్నవాళ్ళ మీద పడకుండా మణికట్టుకి కట్టుకునే తాడు, ఇవి చాలు.

పడవలో వెళ్ళే మావయ్య వరసైన ఆయనకి మడత కత్తి ఇస్తే వారం వాడి వెనక్కిచ్చేశారు. "ఇసుక కూకుంటే ఇప్పడం లేదు నాయినా" అన్నారు. ఆయన ఇప్పుడు మొద్దు మొన, పూర్తి పళ్ళున్న, మడవని చిన్న కత్తిని ఒరతో సహా పడవ లోపలి పలకకి మేకులతో కొట్టి పెట్టుకున్నారు, రెండు చేతుల్లో ఏది ఖాళీగా ఉన్నా అందేట్టు.

మా బావ లారీ డ్రైవర్, ఇచ్ఛాపురం నుంచి పైడిభీమవరం దాకా హైవే మీద ప్రతి డాబా ఆయనకి తెలుసు. అన్నీ కలిసిన నారింజ రంగు కత్తి కొన్నారు. ఆర్నెల్లు టార్పాలిన్ తాళ్ళు కోసి అలుగు పాడుచేశారు, కొక్కెం మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఒకసారి క్యాబిన్‌లో ఎక్కడ పెట్టారో గుర్తు లేక అరగంట వెతుక్కున్నారు. ఆ రోజు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని పనిని రెండుగా విడగొట్టాం. రోజూ వాడే చాకు జేబులో. బెల్టు కొక్కెం, స్ప్రింగు పంచ్ కలిపి ఉన్న చిన్న ముక్క వేరేగా, బెల్టు పెట్టుకుని కూర్చున్నా, తలకిందులైనా చెయ్యి అందే చోట, స్టీరింగు పక్కన స్క్రూలతో బిగించాం. 108 వాళ్ళ దగ్గర చూసి మందుల షాపులో వంకర మూతి కత్తెర ఒకటి తెచ్చి ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో వేశారు. దాని మూతి మొద్దు, బట్టలు కోసినా చర్మం తెగదు, దెబ్బ తగిలినవాళ్ళ దగ్గర కత్తి కంటే అదే నయం.

దసరాకి ఆయుధపూజ రోజు లారీ కడిగి, జాకీ, స్పానర్లు తుడిచి బొట్లు పెట్టేటప్పుడు ఆ కొక్కెం కూడా విప్పారు. నా దగ్గర మిగిలిన సీటు బెల్టు ముక్క ఒకటి అడిగి తీసుకెళ్ళి, వదులుగా పట్టుకుని కోసి చూశారు. ఒక్క లాగుకే తెగింది. తుడిచి, గంధం బొట్టు పెట్టి, మళ్ళీ అక్కడే బిగించారు.